నొప్పి పుడితే ఎడమ చెయ్యెత్తండి

ఆ రోజు పొద్దున్న పళ్ళ డాక్టరు పెట్టుకున్న పని ఒక్కటే, సాయంత్రం దాకా నోరు మూసుకుని ఉండటం.

అదేమంత పెద్ద పనిలా కనిపించదు. ఆయన భార్యకైతే అసలు పనిలాగే కనిపించలేదు. కాఫీ కప్పు చేతికిస్తూ, "ఇంట్లో మీరు మాట్లాడేదేముంది గనక, మీకు అలవాటేగా" అంది. నిజమే. ఇంట్లో ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఉప్పు తక్కువైనా తిని లేచేవాడు. చుట్టాలొస్తే పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఆయన మాటలన్నీ క్లినిక్‌లోనే ఖర్చయ్యేవి.

పేషెంటు కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, ఆ చెంపలో ఒకటి ఈ చెంపలో ఒకటి దూది ఉండలు పెట్టించుకుని, ఉమ్మి పీల్చే గొట్టం పెదవికి తగిలించుకున్నాక, డాక్టరు ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు. "నొప్పి పుడితే ఎడమ చెయ్యెత్తండి, ఆపేస్తాను." ఆ మాటతో వైద్యం మొదలయ్యేది, ఆయన ఉపన్యాసం కూడా మొదలయ్యేది. మేయరు ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఈ మధ్య ముందు రాజకీయం. గడ్డం మేయరు మళ్ళీ గెలవాలి, మురుగు కాలవలకు మూతలు వేయించినవాడు అతనే. అతని మీద పోటీకి దిగిన పాటలావిడ సంగతి చెప్పక్కర్లేదు. టీవీ పాటల పోటీలో జడ్జీగా కూర్చుని, పాడినవాళ్ళు బాగా పాడినా ఏడ్చేది, పాడకపోయినా ఏడ్చేది. ఏడిస్తే రోడ్లు పడతాయా? రాజకీయం అయిపోయాక సినిమా. ఇప్పటి హీరోలు నటించడం మానేసి నడవడం మొదలెట్టారు. సగం సినిమా వాడు నడుస్తూనే ఉంటాడు, వెనక ఏదో ఒకటి తగలబడుతూ ఉంటుంది. పాటలంటారా, పాటెక్కడుంది, అంతా దరువేగా. ఆపాటికి పన్ను పని పూర్తయ్యేది. పేషెంటు పుక్కిలించి, మొద్దుబారిన మూతిని చేత్తో పట్టుకుని వెళ్ళిపోయేవాడు.

ఇరవై ఏళ్ళుగా ఇలాగే సాగింది. ఆ ఇరవై ఏళ్ళలో ఒక్క మనిషి కూడా ఆయన మాటకు ఎదురు చెప్పలేదు. దాంతో ఊరు ఊరంతా తన అభిప్రాయమేనని ఆయనకు నమ్మకం కుదిరింది. అందులో గర్వమేమీ లేదు. వాన పడితే నేల తడుస్తుందని మనం నమ్మినట్టే ఆయన అదీ నమ్మాడు.

నమ్మనిది కూతురు. పళ్ళ వైద్యమే చదివి ఈ మధ్యే తిరిగొచ్చింది. క్లినిక్‌లో రెండో గది ఖాళీ చేయించి, కొత్త కుర్చీ తెప్పించి, మధ్యలో అద్దం తలుపు పెట్టించాడు డాక్టరు. ఇక తండ్రీ కూతుళ్ళు పక్కపక్క గదుల్లో పనిచేస్తారని ఎన్నో రోజులుగా ఊహించుకున్నాడు. కానీ వచ్చిన కొత్తలోనే ఒక పూట భోజనాల దగ్గర, తన ఓటు పాటలావిడకేనని అమ్మాయి అంది. డాక్టరు నవ్వాడు. అంతే, నవ్వాడంతే. అప్పటినుంచి అమ్మాయి ఆయనతో మూడు మాటలే మాట్లాడుతోంది: ఊఁ, కాదు, చూద్దాం. ఈలోగా దూరాన ఉన్న ఒక పెద్ద ఆసుపత్రివాళ్ళు ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు. జవాబు ఆ రోజు సాయంత్రంలోగా చెప్పాలి.

ముందు రోజు రాత్రి భోజనాలయ్యాక మాత్రం ఆమె మూడు మాటలు దాటి మాట్లాడింది.

"నాన్నా, నేనిక్కడే ఉండాలని నీకుంది కదా. అయితే రేపొక్కరోజు పేషెంటు నోట్లో చెయ్యి పెట్టి రాజకీయాలు, సినిమాలు మాట్లాడకుండా ఉండు. నువ్వు ఉండగలిగితే నేనుంటాను."

"వాళ్ళకిష్టం తల్లీ. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు నా మాట కాదనలేదు."

"నోట్లో రెండు దూది ఉండలు, ఒక గొట్టం, పైన నీ చెయ్యి. ఎలా కాదంటారు?"

"తలూపుతారమ్మా."

"దవడ పట్టుకుని నువ్వు పన్ను కదిలిస్తుంటే తల ఊగక ఏం చేస్తుంది?"

డాక్టరు సరేనన్నాడు.

ఆ రోజు మొదటి పేషెంటు లాయరు. పగలంతా కోర్టులో వాదించే మనిషి కావడంతో ఆ కుర్చీ అతనికి కొంచెం విశ్రాంతి. ఇవాళ కూడా నోరు తెరిచి, కళ్ళు మూసుకుని, మురుగు కాలవల మూతల కోసం ఎదురు చూశాడు. మూతలు రాలేదు. "ఎడమ చెయ్యెత్తండి, ఆపేస్తాను" అన్న తరవాత గదిలో డ్రిల్లు చప్పుడు తప్ప మరేమీ లేదు. లాయరు ఒక కన్ను తెరిచి చూశాడు. డాక్టరు పళ్ళు బిగబట్టి, దవడ బిగించి, నుదుట చెమటతో తన నోట్లోకి చూస్తున్నాడు. చేతిలో చిన్న అద్దం సన్నగా వణుకుతోంది.

ఆ వణుకు సంగతి ఎవరికీ తెలియదు. డాక్టరు దాన్ని మరిచిపోయి చాలా కాలమైంది. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, మొదటి పన్ను పీకేటప్పుడు, కుర్చీలో ఉన్న ముసలాయన కంటే ఆయనే ఎక్కువ భయపడ్డాడు. పటకారు పంటికి ఆనడం లేదు, చెయ్యి నిలవడం లేదు. ఏం చెయ్యాలో తోచక అప్పుడు ఆడుతున్న ఏదో సినిమా గురించి నోటికొచ్చింది మాట్లాడటం మొదలుపెట్టాడు. నాలుగు మాటలు అయ్యేసరికి చెయ్యి నిలకడకొచ్చింది. పన్ను ఊడొచ్చింది. ఆనాటినుంచి ఆయన నోరు ఆడితేనే చెయ్యి కుదురుగా ఉండేది. మరో మనిషైతే ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకునేవాడేమో. ఆయనకు మాత్రం చెప్పుకోవడమంటే మేయరు గురించి చెప్పడమే.

అరగంటకల్లా ఆయన నిట్టూర్చాడు. ఆ పూట పేపర్లో పాటలావిడ ఇంటర్వ్యూ రెండు పేజీలు వేశారు, అది గుర్తొచ్చింది. కానీ లాయరు రెండో కన్నూ తెరిచాడు. తన దవడలోకి చూసి డాక్టరు నిట్టూర్చాడు. పైగా పని అయ్యాక ఏదో అనబోయి, అనలేక, తన భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా నొక్కి వదిలాడు.

బయట గదిలో లాయరు అక్కడ కూర్చున్న దర్జీతో, తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దావిడతో, మూతి ఇంకా మొద్దుగా ఉండగానే చెప్పాడు. డాక్టరు గారు ఒక్క మాట మాట్లాడలేదు. మేయరు ఊసు లేదు, సినిమా ఊసు లేదు. ఊరికే భుజం నొక్కాడు.

"భుజం నొక్కారా?" అంది తపాలా పెద్దావిడ. ఆవిడ భర్తకు జబ్బు ముదిరిందని చెప్పబోయే ముందు కూడా డాక్టరెవరో ఇలాగే భుజం నొక్కాడట.

తరవాత పేరు ఆవిడదే. లోపలికి వెళ్ళి పడుకుంది గానీ, ఆ నిశ్శబ్దం భరించలేక, నొప్పి లేకపోయినా ఎడమ చెయ్యెత్తింది. డాక్టరు ఆపాడు. ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. ఏదో చెప్పాలని ఇద్దరికీ ఉంది, చెప్పే వీలు ఒక్కరికీ లేదు. ఆవిడ చెయ్యి దించేసింది.

మధ్యాహ్నానికి ఊళ్ళో మూడు కథలు తిరుగుతున్నాయి. లాయరు దవడలో ఏదో ఉందని ఒకటి. జబ్బు లాయరుకు కాదు, డాక్టరుకే, చెయ్యి వణుకుతోంది చూడలేదూ అని రెండోది. మూడోది దర్జీ పుట్టించాడు. దర్జీ పాటలావిడ మనిషి, ఆవిడ బొమ్మ తన కుట్టు మిషను మీద అంటించుకున్నాడు. డాక్టరు లోలోపల తమ వైపు తిరిగాడని, ఇన్నాళ్ళూ అన్న మాటలకు సిగ్గుపడి నోరెత్తడం లేదని అతని లెక్క.

ఈ మూడో కథ విని డాక్టరు బావమరిది రెండు ఫోన్లు చేతిలో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కాలనీ సంఘానికి కార్యదర్శి అతనే. ఆ సాయంత్రం కమ్యూనిటీ హాల్లో ఎన్నికల చర్చ పెట్టాడు. మేయరు తరఫున ఒకరు, పాటలావిడ తరఫున ఒకరు మాట్లాడాలి. మేయరు తరఫున మాట్లాడాల్సినవాడికి గొంతు పోయింది.

"బావా, నువ్వు పార్టీ మార్చావంటగా. ఊరంతా అదే అనుకుంటోంది" అన్నాడు.

పొద్దుట్నుంచీ బిగబట్టుకున్న నోరు అప్పుడు తెరుచుకుంది. ఎవడన్నాడు, ఎందుకన్నాడు, నేనా, ఆ ఏడుపు మొహానికా అంటూ డాక్టరు లేచి నిలబడ్డాడు. బావమరిది ఆ వేడి చల్లారనివ్వలేదు. అయితే సాయంత్రం నువ్వే మాట్లాడు బావా, అనుమానాలు పోతాయి అన్నాడు. కూతురికిచ్చిన మాట డాక్టరుకు గుర్తొచ్చింది. కాని మాట ఇచ్చింది పేషెంటు నోట్లో చెయ్యి పెట్టి మాట్లాడనని. హాల్లో ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టడు కదా. అదీగాక, ఊరంతా తనవైపే ఉందని అమ్మాయి కళ్ళారా చూడటానికి ఇంతకంటే మంచి అదను ఏముంటుంది?

వెంటనే నర్సమ్మను పిలిచాడు. ఆవిడ ఆ క్లినిక్ తెరిచిన రోజునుంచీ ఉంది. తన సొంత మాట ఒక్కటి కూడా కలపకుండా, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

"మన పేషెంట్లందరికీ ఫోన్లు చెయ్యండి సిస్టర్. సాయంత్రం హాలుకు రావాలని చెప్పండి."

"ఎందుకని చెప్పమంటారు సార్?"

"నేను రమ్మన్నానని చెప్పండి, చాలు."

నర్సమ్మ అలాగే చెప్పింది. డాక్టరు గారు సాయంత్రం మిమ్మల్ని హాలుకు రమ్మంటున్నారు అంది. దేనికమ్మా, ఏమైంది అని అడిగినవాళ్ళకు ఉన్నదున్నట్టు, నాకు చెప్పలేదండీ, పొద్దుట్నుంచీ ఎవరితోనూ మాట్లాడటం లేదు అంది. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఫోను పెట్టేసిన ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి కుర్చీలో కూలబడ్డాడు.

అన్నం తినే వేళకు కూతురు అద్దం తలుపు తోసుకుని ఇటు గదిలోకి వచ్చింది. పొద్దున్న అటువైపు నుంచి ఆమె చాలాసేపు ఇటే చూస్తూ ఉండటం డాక్టరు గమనించలేదు. ఆమె ఏదో చెప్పబోయింది. డాక్టరు ఆ అవకాశం ఇవ్వకుండా సాయంత్రం సంగతంతా చెప్పేశాడు.

"నువ్వూ రా తల్లీ. నీ చెవులతోనే విను. ఊరు నా వైపు లేదని తేలితే, నేనే నీకు టికెట్టు కొని బండెక్కిస్తాను."

మాట నోరు దాటాక గానీ అదేమిటో ఆయనకు వినిపించలేదు. వెనక్కి తీసుకుందామనుకున్నాడు. వాదనలో మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆయనకు తెలియదు, ఆ అవసరం ఎన్నడూ రాలేదు మరి.

కూతురు ఆయన్ను ఒక క్షణం చూసింది. "సరే నాన్నా" అంది. నాలుగో మాట.

సాయంత్రం హాలు నిండిపోయింది. అంతమంది వస్తారని బావమరిది కూడా అనుకోలేదు, పక్క గదుల్లోంచి కుర్చీలు తెప్పించాడు. లాయరు తన భార్యనూ అన్ననూ వెంటబెట్టుకొచ్చాడు. తపాలా పెద్దావిడ పూలగుత్తి తెచ్చింది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. డాక్టరు లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. కొందరి కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. పూలగుత్తి చేతిలో పెడుతూ పెద్దావిడ, "ధైర్యంగా ఉండు నాయనా" అంది. వేదికెక్కబోయే మనిషికి ఆ మాట సందర్భమే కాబట్టి డాక్టరు తలూపాడు. ఇంత అభిమానం ఉందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు. చివరి వరసలో కూర్చున్న కూతురివైపు చూసి కనుబొమ్మలెగరేశాడు.

పాటలావిడ తరఫున జిమ్ము నడిపే కుర్రాయన ముందు మాట్లాడాడు. డాక్టరు ముఖంలో జబ్బు ఎక్కడుందో వెతికే పనిలో పడి ఎవరూ అతని మాట వినలేదు. తరవాత డాక్టరు మైకు ముందుకొచ్చాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది.

"మన మురుగు కాలవలకు మూతలు వేయించిందెవరు?" అన్నాడు డాక్టరు.

హాలు ఊపిరి వదిలింది. లాయరు తన భార్య చెయ్యి గట్టిగా పట్టుకుని పైకే నవ్వేశాడు. మూతలు! డాక్టరు మూతల గురించి మాట్లాడుతున్నాడు. అంటే ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ పోవడం లేదు. పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, డాక్టరు బల్ల మీద పెట్టిన పూలగుత్తిని, తొందరపడ్డానే అన్నట్టు చూసింది. ఆ సంతోషమంతా తన మాటల చలవేననుకున్నాడు డాక్టరు. ఇక ఆగలేదు. మూతల మీంచి పాటలావిడ మీదికి, ఆవిడ ఏడుపు మీంచి ఇప్పటి పాటల మీదికి, అక్కణ్ణుంచి నడిచే హీరోల మీదికి గుక్క తిప్పుకోకుండా సాగిపోయాడు. ఒక చెయ్యి మైకు కడ్డీని దవడ పట్టుకున్నట్టు పట్టుకుంది. రెండోది దాని మీద ఏదో పంటిని వెతుకుతున్నట్టు కదులుతోంది.

సంతోషం ఒక కొలిక్కి వచ్చాక, కూర్చున్నవాళ్ళకు మెల్లిగా ఒక సంగతి తట్టింది. తాము తమ కుర్చీల్లో ఉన్నారు. కుర్చీలు వెనక్కి వాలి లేవు. చెంపల్లో దూది లేదు.

మూడో వరసలో దర్జీ ఎడమ చెయ్యెత్తాడు.

డాక్టరు నోరు మాట మధ్యలో ఆగిపోయింది. ఆపాలని ఆయన అనుకోలేదు. ఎడమ చెయ్యి లేస్తే ఆగిపోవడం ఆయన ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. చేతులు రెండూ మైకు మీంచి వెనక్కి తీసేసి, కొంచెం ముందుకు వంగి, మైకులోనే అడిగాడు.

"నొప్పి పుడుతోందా?"

"లేదు సార్" అన్నాడు దర్జీ లేచి. "ఇవాళ నోరు ఖాళీగా ఉంది. ఒక మాట చెప్పుకోవచ్చా?"

ఇరవై ఏళ్ళలో ఎవరూ ఆయన్ను అలా అడగలేదు. డాక్టరు తలూపాడు.

"పోయినేడు నా కింది దవడ పన్ను పీకేటప్పుడు అన్నారు మీరు, ఆవిడది దొంగ ఏడుపని. ఆ ముందు నెలే మా అమ్మ పోయింది. ఇంట్లో పిల్లల ముందు ఏడవలేక, కొట్లో మిషను చప్పుడు చేసుకుంటూ ఆవిడ కార్యక్రమం పెట్టుకునేవాణ్ణి. ఆవిడ ఏడిస్తే నేనూ ఏడ్చేవాణ్ణి. దొంగదో కాదో నాకు తెలీదు గానీ, నాకు పనికొచ్చింది సార్. అప్పుడే చెబుదామంటే మత్తు దిగలేదు. దిగాక చెబుదామంటే మీరు ఇంకొకరి నోట్లో ఉన్నారు."

డాక్టరు ఏదో అనబోయేలోగా ఇంకో ఎడమ చెయ్యి లేచింది. ఆయన ఆగాడు. ఈసారి పెద్దావిడ. ఆవిడ మేయరు పక్షమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ నడిచే హీరో సంగతే బొత్తిగా నచ్చలేదట.

"నాకా నడకే ఇష్టం నాయనా. మోకాళ్ళ నొప్పులదాన్ని. ఒక మనిషి అంత నిబ్బరంగా నడుస్తుంటే చూడబుద్ధేస్తుంది. వెనక ఏం తగలబడితే నాకేం?"

లాయరు చెయ్యెత్తకుండానే లేచాడు. మూతలు మేయరు దయ కాదని, తను కౌన్సిలు మీద ఏళ్ళ తరబడి నడిపిన కేసు వల్ల పడ్డాయని, తన నాలుగు పళ్ళకు ఫిల్లింగులు పెట్టించుకుంటూ నాలుగుసార్లూ మేయరు గొప్పతనం వినాల్సి వచ్చిందని, ఇన్నాళ్ళూ అది గొంతులో ఎముకలా అడ్డం పడి ఉందని, కోర్టులో చెప్పినట్టు చెప్పాడు. మేయరు పక్షంవాళ్ళు లేచి కేసు సంగతి తమకు తెలుసన్నారు. పాటలావిడ పక్షంవాళ్ళు లేచి చప్పట్లు కొడితే లాయరు వాళ్ళ మీదా విరుచుకుపడ్డాడు, తనకు ఆవిడా పనికిరాదట. ఎవరికి వాళ్ళు తమ పన్ను గుర్తు చెప్పుకుని, ఆ రోజు డాక్టరన్న మాట చెప్పి, అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెప్పారు. మొత్తానికి ఊరు డాక్టరు వైపు లేదు. అలాగని ఇంకో వైపూ లేదు. ఎన్ని నోళ్ళున్నాయో అన్ని వైపులున్నాయి. బావమరిది బల్ల మీద రెండు ఫోన్లతోనూ కొట్టాడు, ఎవరూ వినిపించుకోలేదు.

డాక్టరు చివరి వరస వైపు చూశాడు. కూతురు లేచి నిలబడి ఉంది. టికెట్టు మాట గుర్తొచ్చింది. పొద్దుట్నుంచీ బిగబట్టి బిగబట్టి అలిసిపోయిన దవడ మరోసారి బిగుసుకుంది. లోపల ఎక్కడో టక్కుమంది. తన చదువుకునే రోజుల నాటి ఫిల్లింగు, ఎవరో తోటి విద్యార్థి పెట్టింది, రెండు ముక్కలైంది. నొప్పి చెంపలోంచి చెవిలోకి, చెవిలోంచి నడినెత్తికి ఎక్కింది.

వేదిక మీద ఆయన ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచింది.

ఒక్కసారిగా హాలంతా సద్దుమణిగింది. ఆ చేతికి అర్థం అక్కడున్నవాళ్ళకంటే బాగా తెలిసినవాళ్ళు లోకంలో లేరు. "ఆపండయ్యా, డాక్టరు గారు చెయ్యెత్తారు" అన్నాడు దర్జీ. కూతురు కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చి, వేదికెక్కి, తండ్రి గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పింది.

"నోరు తెరువు. ఊఁ. పద నాన్నా."

క్లినిక్ అదే వీధిలో ఉంది. వీళ్ళిద్దరూ ముందు, నర్సమ్మ తరవాత, వెనకాల సభ మొత్తం. మూతల కేసు గురించి ఇంకా వాదించుకుంటూనే వచ్చి అందరూ బయటి గదిలో, మెట్ల మీద, గేటు దగ్గర సర్దుకున్నారు.

కూతురు ఆయన్ను కొత్త కుర్చీలో పడుకోబెట్టింది. వేల మందిని పడుకోబెట్టిన మనిషే గానీ చదువు రోజుల తరవాత తను పడుకోవడం ఇదే మొదలు. పైకప్పు మీద చెమ్మ మరక ఒకటుంది. దాని అంచున సన్నటి పగులు. అవతలి గదిలో కూడా ఇలాంటి మరకే ఉండి ఉంటుంది. ఇన్నేళ్ళూ పేషెంట్లు చూస్తూ వచ్చింది తన ముఖం కాదు, ఆ మరక. అది చూస్తూ తమ జవాబులు తాము కూర్చుకునేవాళ్ళు కాబోలు. ఈ ఆలోచన ఆయనకు కష్టంగానే ఉంది, కానీ ఎందుకో కొంచెం తేలిగ్గా కూడా ఉంది.

ఒక చెంపలో దూది, రెండో చెంపలో దూది, పెదవికి గొట్టం. "నొప్పి పుడితే ఎడమ చెయ్యెత్తు, ఆపేస్తాను" అంది కూతురు. ఆయన ఆమె చేతి వైపు చూశాడు. చిన్న అద్దం సన్నగా వణుకుతోంది.

ఆ వణుకు ఎవరిదో ఆయనకు తెలుసు.

అమ్మాయి రెండు క్షణాలు చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ ముందుకు వంగి, మాట్లాడటం మొదలుపెట్టింది. పాటలావిడకు ఓటేస్తానన్నది ఆవిడ ఏడుస్తుందని కాదు. చదువుకునే ఊళ్ళో ఒంటరిగా గదిలో ఉన్నప్పుడు ఆ కార్యక్రమంలో ఒక రాత్రి ఆవిడ, నా అభిప్రాయం తప్పయింది, నువ్వు బాగానే పాడావు అని ఒక పిల్లతో అందరి ముందూ అంది. పెద్దవాళ్ళు అలా అనడం తను అంతకు ముందు చూడలేదు. అది చెబుదామనే ఆ పూట భోజనాల దగ్గర నోరు తెరిచింది. నువ్వు నవ్వావు. ఇంకా ఆ నడిచే హీరో సినిమా ఉంది చూశావూ, అందులో ఒక పాట నిజంగా బాగుంటుంది, నువ్వది మొత్తం వినలేదు నాన్నా, నాకు తెలుసు...

చెప్తూ చెప్తూ ఉండగా ఆమె చెయ్యి నిలకడకొచ్చింది. డాక్టరు నోరు తెరుచుకుని విన్నాడు. ఒకచోట ఆయనకు తప్పకుండా అడ్డు చెప్పవలసిన మాట తగిలింది. ఎడమ చెయ్యెత్తాడు.

"నొప్పా?"

కాదన్నట్టు కళ్ళతో చెప్పాడు.

"అయితే దించు. తరవాత చెబుదువుగాని."

ఆయన దించాడు. ఆమె విరిగిన ముక్క పంటిలోంచి తీసి పళ్ళెంలో పడేసింది. తరవాత, పని మీంచి చూపు తిప్పకుండానే అంది.

"టికెట్టు నువ్వు కొననక్కర్లేదు. ఆ ఆసుపత్రివాళ్ళకు మధ్యాహ్నమే ఫోను చేసి రానని చెప్పేశాను. పొద్దున్న లాయరు గారి పన్ను మీద నీ చెయ్యి చూశాక. ఆ మాట చెబుదామనే నీ గదిలోకి వచ్చాను, నువ్వు చెప్పనిస్తేగా."

డాక్టరు కళ్ళ చివరల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆమె చెయ్యి ఆగింది. "ఇప్పుడు నొప్పా?" అంది. ఆయన రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కదలకుండా పడుకున్నాడు.

ఎన్నికలైపోయాయి. ఎవరు గెలిచారో అందరికీ తెలుసు, ఎందుకు గెలిచారన్నది మాత్రం ఆ క్లినిక్‌లో ఇంకా తేలలేదు. డాక్టరు మునుపటిలాగే మాట్లాడుతున్నాడు, పేషెంట్లు కూడా ఆపమనడం లేదు, ఆయన మాట్లాడకపోతే వాళ్ళకు భయం. కాకపోతే ఇప్పుడు పుక్కిలించాక దూది మళ్ళీ పెట్టేముందు వంతు పేషెంటుది. దర్జీ అయితే పుక్కిలించిన నీళ్ళు ఉమ్మకముందే మొదలెడతాడు. లాయరు వచ్చిన రోజు ఇంకొకరిని చూడటానికి వీలుండదు. ఇంట్లో తండ్రీ కూతుళ్ళ మధ్య ఇప్పటికీ పెద్దగా మాటలుండవు, ఇద్దరిదీ అదే పోలిక. కానీ ప్రతి శనివారం సాయంత్రం క్లినిక్ మూసే ముందు డాక్టరు వెళ్ళి కొత్త కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పు మీది మరక చూస్తూ నోరు తెరుస్తాడు.

ఆయన పళ్ళలో బాగుచెయ్యవలసింది ఇక ఏమీ మిగల్లేదని నర్సమ్మ రెండుసార్లు చెప్పి చూసింది.